రోగి తొక్కే మొదటి గడప

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆయన పేరు నా వెనక పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. నా నోటికి మాత్రం ఆ పేరు రాదు. ఉన్నన్నాళ్ళూ ఆయన్ని 'డాక్టరుగారు' అనే పిలిచాను. ఈ సాయంత్రం కూడా అలాగే పిలుస్తాను, మన్నించండి.

ప్రభుత్వమూ ప్రైవేటు రంగమూ వైద్యంలో కలిసి పనిచేయడం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఉద్యోగమంతా సర్కారు వైపున చేసినవాణ్ణి. డాక్టరుగారు బస్టాండు పక్కన పన్నెండు మంచాల నర్సింగ్ హోమ్ నడిపినవారు. ఈ భాగస్వామ్యం గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఒకే ఒక మధ్యాహ్నం, ఆయన కన్సల్టింగ్ గదిలో, ఒక అట్టపెట్టె ముందు కూర్చుని నేర్చుకున్నాను. దాని గురించి ముందు చెప్పాలి.

జిల్లా క్షయ నివారణ అధికారిగా నేను పాలమూరు వచ్చేసరికి అక్కడ దగ్గరుండి క్షయ మందు మింగించే డాట్స్ కార్యక్రమం అప్పుడప్పుడే మొదలవుతోంది. తెమడ పరీక్షకు మా కేంద్రాలకు వచ్చే రోగుల చీటీలు చూస్తుంటే ఒకటే కథ కనిపించేది. దగ్గు మొదలైన మొదటి వారం ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను. తర్వాత పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర సిరప్పు, ఎక్స్‌రే. ఆ తర్వాత ఇంకొకరి దగ్గర నెల మందులు. కొనే శక్తి అయిపోయాక, మనిషి సగం అయ్యాక, అప్పుడు సర్కారు దవాఖాన. మేము మందులు, మైక్రోస్కోపులు, కార్డులు అన్నీ సిద్ధం చేసుకుని చివరి గడప దగ్గర కూర్చున్నాం. రోగి మాత్రం మొదటి గడప తొక్కి అప్పటికి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో ఇంట్లో పిల్లలకీ, పక్కన పడుకున్న తల్లికీ జబ్బు అంటుకుంది.

కాబట్టి మొదటి గడప ఎవరిదో వాళ్ళ దగ్గరికే పోవాలనుకున్నాను. ఆ పట్నంలో ఎక్కువ ఓపీ డాక్టరుగారిది. ఒక ఎర్ర డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఇక్కడున్న చిన్నవాళ్ళు ఆ డబ్బా చూసి ఉండరు. అప్పటి పద్ధతిలో ఒక్కో రోగికి ఒక్కో డబ్బా. కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళకు ఎర్రది, మందులు మానేసి తిరిగొచ్చినవాళ్ళకు నీలంది. కోర్సు మొత్తానికి సరిపడా మాత్రలు అందులోనే ఉండేవి. మందులు వారానికి మూడు రోజులు, తొలి నెలల్లో మన కళ్ళెదుటే మింగాలి.

డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి ఓపీ అయ్యేదాకా ఆగమన్నారు. రెండు దాటాక చేతులు కడుక్కుని వచ్చి మూడు ప్రశ్నలు అడిగారు. వాటిని ఆ రాత్రే నా డైరీలో రాసుకున్నాను.

మొదటిది: "సర్కారు మందు గదా, మధ్యలో అయిపోతే నేనేం చెప్పాలయ్యా వాడికి?"

రెండోది: "రెండు నెలలకు ఒంట్లో బాగయి బొంబాయి బస్సెక్కితే ఎవరు వెతికి తెస్తారు? నేనా, నువ్వా?"

మూడోది అడగడానికి కొంచెం మొహమాటపడ్డారు. "నా పేషెంటును నువ్వు పట్టుకుపోవు గదా?"

మొదటి ప్రశ్నకు నేను నోటితో జవాబు చెప్పలేదు. డబ్బా ఆయన ముందు పెట్టి, పైన ఖాళీ గీత చూపించాను. అక్కడ రోగి పేరు రాస్తాం. పేరు రాసిన క్షణం నుంచి ఆ మందు ఆ మనిషిది. రేపు హైదరాబాదు నుంచి సరుకు రాకపోయినా, కొత్త రోగిని మొదలుపెట్టలేకపోతామేమో గాని, మొదలుపెట్టినవాడి మందు మధ్యలో ఆగదు. ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి కాంపౌండరును పిలిచి, బీరువాలో ఒక అర ఖాళీ చేయమన్నారు.

ఆ తర్వాతి ఏళ్ళలో ఎన్నో ఒప్పంద పత్రాలు చూశాను, కొన్నింటి తయారీలో నేనూ కూర్చున్నాను. వందల పేజీలుండేవి. డాక్టరుగారి మూడు ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చిన పత్రాలు మాత్రం చాలా తక్కువ.

ప్రైవేటు డాక్టర్లతో కలిసి క్షయ మందు ఇచ్చే ఈ పని మేమేమీ కొత్తగా కనిపెట్టలేదు. 1995లోనే హైదరాబాదులో మహావీర్ ఆసుపత్రి చేసి చూపించింది. అది లాభాపేక్ష లేని ట్రస్టు ఆసుపత్రి. డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి గారు చొరవ తీసుకుని, చుట్టుపక్కల బస్తీల్లో ప్రాక్టీసు చేసే ప్రైవేటు డాక్టర్లను ఒక్కొక్కరినీ కలిశారు. ప్రభుత్వం మందులు ఉచితంగా ఇచ్చింది. పరీక్ష, లెక్క, పర్యవేక్షణ ఆసుపత్రి చూసుకుంది. అనుమానం వచ్చిన రోగిని ప్రైవేటు డాక్టరు పంపిస్తే, పరీక్ష చేసి ఫలితం ఆ డాక్టరుకే తెలియజేసేవారు. రోగి ఆయన రోగిగానే ఉండేవాడు. చిన్న నర్సింగ్ హోముల్లో కొన్ని మందు మింగించే కేంద్రాలయ్యాయి. ఇలా సుమారు 5 లక్షల జనాభాకు సేవ అందింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాకా ఈ పద్ధతి చర్చకు వచ్చింది. మన గడ్డ మీద పుట్టిన ఈ ప్రయోగాన్ని మన వైద్య కళాశాలల్లో ఎంతమంది అధ్యాపకులు పిల్లలకు చెబుతున్నారో గాని, చెప్పాలని నా కోరిక.

అప్పట్లో మూర్తిగారికి గాని, పాలమూరులో నాకు గాని చేతిలో చట్టం లేదు. ఉన్నది బతిమాలడమే. 2012 మే నెలలో క్షయ రోగుల వివరాలు ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. నిక్షయ్ అనే ఆన్‌లైన్ నమోదు కూడా అప్పుడే వచ్చింది. అదే ఏడు, తప్పుడు ఫలితాలిస్తున్న క్షయ రక్తపరీక్షలను నిషేధించారు. కానీ ఉత్తర్వుతో డాక్టర్లు కదల్లేదు. మొదటి ఏళ్ళలో ప్రైవేటు నుంచి వచ్చిన వివరాలు నామమాత్రం. ఎందుకంటే ఉత్తర్వు డాక్టరును ఏదో ఇమ్మని అడిగింది, ఆయనకు ఏం ఇస్తామో చెప్పలేదు.

2014 నుంచి ముంబైలోనూ పాట్నాలోనూ తీరు మార్చారు. ప్రైవేటు డాక్టరు చీటీ రాస్తే రోగికి ఒక వోచరు. ఆ వోచరుతో పక్క మందుల షాపులోనే మందు ఉచితం. రోగి వాళ్ళ దగ్గరే ఉంటాడు, డాక్టరు ఫీజు డాక్టరుకు వస్తుంది, మందు ఖర్చు సర్కారుది. రోగి మానేస్తే ఫోను చేసి, ఇంటికి వెళ్ళి కనుక్కోవడానికి ఒక మనిషి. తర్వాత నమోదు చేసిన డాక్టరుకు 500 రూపాయల ప్రోత్సాహకం, రోగికి పోషకాహారానికి నెలకు 500 వచ్చాయి. ఆ నెలసరి సాయాన్ని 2024 చివర్లో 1,000 చేశారు. 2019 వచ్చేసరికి దేశంలో నమోదైన సుమారు 24 లక్షల క్షయ రోగుల్లో 6.7 లక్షలకు పైగా ప్రైవేటు వైపు నుంచే వచ్చారు. ఈ అంకె వెనక డాక్టరుగారి మూడు ప్రశ్నలకూ జవాబు ఉంది. మందు ఆగదు, వెతికేవాడున్నాడు, పేషెంటును ఎవరూ పట్టుకుపోరు.

ఇక చివరి గడప, అంటే పెద్ద ఆపరేషన్ల సంగతి. పాలమూరు వాళ్ళం కాబట్టి ఆరోగ్యశ్రీని మనం మొదట చూశాం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లోనే అది మొదలైంది. కరువు జిల్లాలు, వలస జిల్లాలు. అంతకుముందు గుండెకు రంధ్రమున్న బిడ్డను ఎత్తుకుని మన ఊళ్ళ నుంచి తల్లిదండ్రులు ముఖ్యమంత్రి సహాయనిధి అర్జీలు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఎమ్మెల్యే ఇంటి ముందు, సెక్రటేరియట్ గేటు ముందు. తెల్లకార్డు చూపిస్తే కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషను అన్న మాట విన్న రోజు మా జిల్లాలో ఎవరికీ నమ్మకం కుదరలేదు. మెడికల్ క్యాంపులో చూసిన పిల్లవాడు ఒకడు, పెదాలు నీలంగా, నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోయేవాడు, నెలన్నర తర్వాత క్యాంపు దగ్గరికి తండ్రి చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆరోగ్యశ్రీ మీద నేను ఈ సభలో ఏ విమర్శ చేసినా, ఆ పరుగు చూసిన కళ్ళతోనే చేస్తున్నానని మీరు గుర్తుంచుకోవాలి.

తొలిదశలో ఒక బీమా కంపెనీ ద్వారా నడిపారు. 2008 జూలై నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించారు. తర్వాత ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే ఏర్పాటు వచ్చింది. ఆసుపత్రిలో రోగి చెయ్యి పట్టుకుని తిప్పడానికి ఆరోగ్యమిత్రను పెట్టడం గొప్ప ఆలోచన. చదువు రాని మనిషికి అద్దాల ఆసుపత్రి అంటే భయం. ఆ భయాన్ని తీర్చింది ప్యాకేజీ రేటు కాదు, మన యాసలో పలకరించిన ఆ అమ్మాయి. ఆపరేషనుకు ముందే ట్రస్టు డాక్టర్లు కాగితాలు చూసి అనుమతి ఇవ్వడం, నెట్‌వర్క్ ఆసుపత్రులు ఊళ్ళలో క్యాంపులు పెట్టాలనడం, ప్రభుత్వ ఆసుపత్రులు కూడా ఆపరేషను చేస్తే అదే ప్యాకేజీ డబ్బు సంపాదించుకోగలగడం, ఇవన్నీ దేశానికి మనం నేర్పిన పాఠాలు. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో ఈ జాడలు కనిపిస్తాయి.

కానీ దేనికి డబ్బు కడతామో అదే పెరుగుతుంది. మనం ఆపరేషనుకు కట్టాం. గర్భసంచి తొలగింపులు ఎక్కువైపోయి, ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషన్ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటీదాటని కూలి స్త్రీలు, తెల్లబట్టకూ నడుంనొప్పికీ గర్భసంచి పోగొట్టుకున్నవాళ్ళు, మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళల్లో చాలామంది పథకం రాకముందే, సొంత డబ్బుతో, అప్పుచేసి ఆ పని చేయించుకున్నారు కాబట్టి తప్పంతా పథకానిదే అనలేను. కానీ నొప్పితో వచ్చిన మొదటి రోజు ఆ స్త్రీని పరీక్ష చేసి మందిచ్చే మనిషికి మనం పైసా కట్టలేదు. కోసేచోట కట్టాం.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఆసుపత్రిలో చేరాల్సిన పని లేని జబ్బులకు జనం సర్కారు గడప తొక్కింది సుమారు 30 శాతం సార్లే. 40 శాతానికి పైగా ప్రైవేటు డాక్టరు, చిన్న క్లినిక్. ఇంకో 23 శాతం ప్రైవేటు ఆసుపత్రులు. పేదవాడి జేబుకు చిల్లు పడేది ఎక్కువగా ఈ చిన్న ఖర్చులతోనే. బీపీ మాత్ర, షుగరు మాత్ర, రక్తపరీక్ష, ఆటో కిరాయి. బీపీకి నెలనెలా మందు అందని మనిషికి పదేళ్ళ తర్వాత పక్షవాతమో, కిడ్నీ ఫెయిల్యూరో వస్తే లక్షల ప్యాకేజీ సిద్ధంగా ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలన్నారు. పరిమితి పెంచడాన్ని నేను తప్పుపట్టను. కానీ 10 లక్షల వాగ్దానానికి ముందు పదిరూపాయల మాత్ర ఉండాలి. ఆ మాత్ర ఇచ్చే గడపతో మనకు ఇంతవరకు ఒప్పందం లేదు.

బకాయిల మాట కూడా చెప్పకపోతే ఈ ముందు వరసలో కూర్చున్న నర్సింగ్ హోమ్ మిత్రులు నన్ను క్షమించరు. క్లెయిములు నెలల తరబడి ఆగిపోవడం, నెట్‌వర్క్ ఆసుపత్రులు ఫలానా తేదీ నుంచి సేవలు ఆపేస్తామని నోటీసు ఇవ్వడం, చర్చలు, కొంత విడుదల, మళ్ళీ బకాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ పార్టీ ప్రభుత్వమున్నా ఇదే చూశాం. పెద్ద ఆసుపత్రి తట్టుకుంటుంది. ముప్పై మంచాల ఆసుపత్రి నర్సులకు జీతాలు ఆపుతుంది, లేదా రోగి దగ్గర 'ఆ పరీక్ష ప్యాకేజీలో లేదమ్మా' అని పక్కన వసూలు చేస్తుంది. ఆ వసూలు తప్పు. నేను సమర్థించను. కానీ చెప్పిన తేదీకి డబ్బు కట్టని ప్రభుత్వానికి ఆ తప్పును గట్టిగా పట్టుకునే నైతిక బలం ఉండదు. ఉద్యోగంలో ఉండగా తనిఖీకి వెళ్ళిన ఒక ఆసుపత్రిలో ఇదే నా ముఖం మీద అడిగారు. నేను తల దించుకుని రిపోర్టు రాసుకుని వచ్చాను.

దీనికి మందు ఆ ఎర్ర డబ్బాలోనే ఉంది. ఆపరేషనుకు అనుమతి ఇచ్చిన క్షణాన, ఆ రోగి పేరిట ఆ ప్యాకేజీ మొత్తం విడిగా ఒక ఖాతాలో పక్కన పెట్టాలి. ఇంకో శాఖ అవసరానికి ఆ డబ్బు తీయకూడదు. రోగి డిశ్చార్జి అయి, ఫోను చేసి కనుక్కుని, కాగితాలు సరిగా ఉంటే ఇన్ని రోజుల్లో ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. సరిగా లేకపోతే వెనక్కి. డబ్బు లేకపోతే అనుమతే ఇవ్వకూడదు. అప్పుడు కొత్త రోగికి కష్టం కదా అంటారు. అవును, కష్టమే. ఆ కష్టం అసెంబ్లీలో అందరి ముందు కనిపిస్తుంది. ఇప్పుడున్న కష్టం ఆసుపత్రి కౌంటరు దగ్గర రోగి ఒక్కడికే కనిపిస్తోంది.

రెండో ప్రశ్నకు, అంటే వెతికి తెచ్చేది ఎవరు అన్నదానికి, మనం ఇచ్చిన గొప్ప జవాబు 108 అంబులెన్సు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఫోను ఎత్తే పిల్లలు, మ్యాపు మీద దగ్గరి బండిని చూసి పంపేవాళ్ళు, బండిలో ఈఎంటీ, నడిపే పైలట్. ఆ పైలట్ అన్న మాట నాకు చాలా ఇష్టం. డ్రైవరుకు ఆ పేరు పెట్టినవారు మనిషిని గౌరవించడం తెలిసినవారు. దాన్ని నడిపే ఈఎంఆర్‌ఐ సంస్థ ప్రైవేటుది, లాభాపేక్ష లేనిది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరించింది. తర్వాత 2009 జనవరి 7 వచ్చింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. 108ను పెంచి పోషించినది ఆయనే. ఆ వారం జిల్లాలో మా అందరికీ ఒకటే భయం, రేపు బండ్లు ఆగిపోతాయని. ఆగలేదు. ఫోను మోగింది, బండి వచ్చింది. ఆ ఏడే జీవీకే సంస్థ ఈఎంఆర్‌ఐ బాధ్యత తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత వేరే సంస్థలు వచ్చాయి, 2020 జూలై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108 అంబులెన్సులు, 104 సంచార వైద్యశాలలు కలిపి 1,088 కొత్త బండ్లు బారులు తీరాయి. పోషకుడు మారినా, సంస్థ మారినా ఆ మూడంకెలు మారలేదు. ఎందుకంటే నంబరు ప్రజలది, డబ్బు ఖజానాది. భాగస్వామి వెళ్ళిపోయినా పని మిగలాలంటే ఇలా కట్టుకోవాలి.

అలా కట్టుకోని చోట ఏమవుతుందో పొరుగున రాయచూరులో చూశాం. కృష్ణ దాటితే రాయచూరే, మక్తల్, నారాయణపేట జనం అక్కడి దవాఖానలకు పోవడం కొత్త కాదు. ఒపెక్ సాయంతో కట్టిన పెద్ద సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని కర్ణాటక ప్రభుత్వం 2000ల తొలి ఏళ్ళలో ఒక కార్పొరేట్ సంస్థ చేతికిచ్చింది. 2012లో ఆ సంస్థ తప్పుకుంది. భవనం మిగిలింది. నిపుణులు ఆ సంస్థ మనుషులు. మళ్ళీ నిలబెట్టుకోవడం తేలిక కాలేదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పదిహేడు కొత్త వైద్య కళాశాలల్లో పదింటిని పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య) పద్ధతిలో ఇవ్వాలన్న నిర్ణయం మీద పెద్ద వాదన నడుస్తోంది. నా పక్షం ఇది: కళాశాల వెనక ఉన్నది జిల్లా ఆసుపత్రి. ఆ జిల్లా పేదలకు అదే చివరి దిక్కు. కాబట్టి ఆ ఒప్పందాల్లో మొదటి పేజీ కన్నా చివరి పేజీ ముందు చదవాలి. భాగస్వామి తప్పుకుంటే డాక్టర్లు, నర్సులు, రోగుల రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయి? ఉచిత ఓపీ చూశారా లేదా అని ఎవరు లెక్కపెడతారు? ఢిల్లీలో చవకగా భూమి తీసుకున్న ప్రైవేటు ఆసుపత్రులు ఇన్‌పేషెంట్లలో పదో వంతు, ఔట్‌పేషెంట్లలో నాలుగో వంతు పేదలకు ఉచితంగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పాల్సి వచ్చింది. షరతు ఎప్పుడో పెట్టారు. లెక్క చూసేవాడు లేక కోర్టుదాకా వెళ్ళింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాట ఎత్తకుండా వైద్యంలో ఒప్పందాల గురించి మాట్లాడటం నాకు చేతకాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళు. అక్కడి జనం కిడ్నీలు పాడవుతున్న కారణం శాస్త్రం ఇంకా తేల్చలేదు. డయాలసిస్ యంత్రాలు, వాటికి కావలసిన శుద్ధమైన నీటి ప్లాంటు, టెక్నీషియన్లు, ఇవి ప్రైవేటు సంస్థలు బాగా నడపగల పనులే. ఇవి దగ్గరికే వచ్చాక రోగులకు రాత్రి బస్సులో విశాఖపట్నం పోయే బాధ తప్పింది. సెషనుకింత అని కట్టడం లెక్కకు తేలిక. కానీ సెషనుకు కట్టే ఒప్పందంలో రోగులు తగ్గితే సంతోషించాల్సిన బాధ్యత ఎవరికీ రాసి ఉండదు. క్రియాటినిన్ పరీక్ష ముందే చేసి, బీపీ అదుపు చేసి, నొప్పి మాత్రలు మాన్పించి, డయాలసిస్‌కు చేరకుండా పది మందిని ఆపిన ఏఎన్ఎంకు, ఊరి డాక్టరుకు ఏం కడుతున్నాం? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు, హిరమండలం జలాశయం నుంచి ఊళ్ళకు నీళ్ళిచ్చే 700 కోట్ల పథకం కూడా మొదలైంది. ఆసుపత్రి ఫొటో కాదు, ఆ నీళ్ళ పైపు ఫొటో నా దగ్గర దాచుకున్నాను.

మూడో ప్రశ్న, పేషెంటును పట్టుకుపోవడం. డాక్టరుగారు నన్ను అడిగిన ఈ ప్రశ్నను ప్రభుత్వం కూడా ప్రైవేటును అడగాలి. మా మనుషుల్ని పట్టుకుపోతారా, లేక మా మనుషులకు ఏదైనా నేర్పి వెళ్తారా? తెలంగాణలో 2017లో మొదలైన మంత్రసాని శిక్షణను అందుకే నేను ఎక్కడికెళ్ళినా చెబుతాను. ఫెర్నాండెజ్ ఫౌండేషను, యునిసెఫ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కరీంనగర్‌లో ముప్పై మంది ప్రభుత్వ నర్సులతో మొదటి బ్యాచి పెట్టారు. పద్దెనిమిది నెలల చదువు. కాన్పు నొప్పుల్లో ఉన్న అమ్మాయిని నడిపించడం, నడుము నిమరడం, కత్తెర పెట్టకుండా బిడ్డను అందుకోవడం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 100 కాన్పుల్లో 60కి పైగా సిజేరియన్లు. ప్రైవేటులో 81, సర్కారులో 44. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42. ఇటువంటి చోట, ఒక ప్రైవేటు ఆసుపత్రి తన చేతివిద్యను సర్కారు నర్సు చేతుల్లో పెట్టింది. శిక్షణ ముగిశాక ఆ విద్య సర్కారు లేబర్ రూములోనే ఉండిపోయింది. ఇక్కడున్న నర్సింగ్ విద్యార్థినులు ఈ మాట గట్టిగా పట్టుకోవాలి.

మొదటి గడపలో ఆర్‌ఎంపీలు కూడా ఉన్నారు. ఐఎంఏలోని డాక్టరు మిత్రులకు ఈ మాట రుచించదని తెలుసు. అర్హత లేని వైద్యాన్ని నేను సమర్థించడం లేదు. వాళ్ళు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల ఫలితాలు నా కళ్ళతో చూశాను. కానీ అర్ధరాత్రి తండాలో ఆర్‌ఎంపీ తప్ప ఎవరూ లేరు. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో ఇలాంటివారికి తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి కొలిచి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. రోగిని సరిగా చూడటం మెరుగైంది. అనవసరపు యాంటీబయాటిక్స్ మాత్రం తగ్గలేదు. రెండు సగాలూ చెప్పాలి. శిక్షణ ఇచ్చి వదిలేస్తే సరిపోదు, ఫలానా లక్షణం కనిపిస్తే పంపించు, పంపించినందుకు నీకు ఇంత అని కట్టాలి. దగ్గు రెండు వారాలు దాటినవాణ్ణి ఇంజెక్షను వేయకుండా పరీక్షకు పంపితే ఆయనకు నష్టం రాకూడదు. ఈ చిన్న లెక్క సరిచేయకుండా ఆయన్ని తిట్టి లాభం లేదు.

నేను అడిగేది పెద్దది కాదు. ఒక మండలం తీసుకోండి. ఒక పీహెచ్‌సీ, చుట్టూ నాలుగైదు ప్రైవేటు క్లినిక్కులు, ఒక ల్యాబు, రెండు మందుల షాపులు. బీపీ, షుగరు, క్షయ, గర్భిణులు, ఈ నాలుగింటికే ఒప్పందం. రోగి ఏ గడప తొక్కినా పేరు ఒకే పుస్తకంలో ఎక్కాలి. మందు సర్కారుది, చూసే ఫీజు ముందే అనుకున్నది, నెల ఐదో తారీఖుకు చెల్లింపు. రాని రోగిని ఆశా కార్యకర్త వెతుకుతుంది, దానికి ఆమెకూ విడిగా కట్టాలి. అదుపులో ఉన్న బీపీకి కట్టాలి, రాసిన మాత్రల లెక్కకు కాదు.

డాక్టరుగారు చేసింది అదే, పైసా తీసుకోకుండా చేశారు. బీరువాలో ఆ అర చాలా ఏళ్ళు అలాగే ఉంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఓపీకి ముందు రోగులు వచ్చి కాంపౌండరు ముందు మాత్రలు మింగేవారు. మూత్రం ఎర్రగా వస్తోందని హడలిపోయి వచ్చినవాళ్ళకు 'మందు పనిచేస్తోందిరా, పో' అని చెప్పేవారు. ఒకసారి ఒక వడ్డెర యువకుడు వచ్చి, "సారూ, ఎల్లుండి బొంబాయి పోవాలె, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చిండు" అన్నాడు. కోర్సు ఇంకా మూడు నెలలుంది. డాక్టరుగారు నాకు ఫోను చేశారు. "వీణ్ణి ఆపలేం. నువ్వు అక్కడ ఎవరున్నారో కనుక్కో" అన్నారు. నేను ఠాణే వైపు కార్యాలయానికి ఉత్తరం రాసి, బదిలీ ఫారం నింపి, నా సూపర్‌వైజరును బండి మీద పంపితే, బస్సు కదిలే ముందు ఆ ఫారం అతని చేతికందింది. మూడు నెలలకు అక్కడి నుంచి కార్డు వచ్చింది. పూర్తయింది అని రాసి ఉంది. డాక్టరుగారు ఆ కార్డు తీసుకుని తన రిజిస్టరులో అంటించుకున్నారు.

నేను ఇక్కడికి వచ్చేముందు ఆయన పెద్దమ్మాయి ఆ రిజిస్టరు చూపించింది. కార్డు అలాగే ఉంది, జిగురు పసుపు పట్టింది.

ఇప్పటి జిల్లా క్షయ అధికారి ఈ సభలోనే ఉన్నారు, మూడో వరసలో, నీలం చొక్కా. ఊళ్ళో క్లినిక్కులు పెట్టిన యువ డాక్టర్లు ఓ పదిమంది ఆ వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. బయట టీ పెట్టారు. సభ అయ్యాక వెళ్ళిపోకండి, బాబూ. ఆయన దగ్గరికి వెళ్ళి, మొహమాటపడకుండా, ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఆయన జవాబు చెప్పేదాకా నేను ఇక్కడే ఉంటాను.